మేనమామ దారి తప్పే కథ

పగటిపూట కథ చెబితే మేనమామ దారి తప్పుతాడని చిత్తూరు పక్క ఏ పసిపిల్లను అడిగినా చెబుతుంది. అందుకే ఏ అవ్వ అయినా కథ మొదలుపెట్టేది దీపం వెలిగించాకే. అలాంటి ఊళ్ళో, కుప్పుస్వామి శెట్టి చింతపండు కొట్టంలో, దేవకమ్మ ఏళ్ళ తరబడి మిట్టమధ్యాహ్నం పూట కథ చెప్పింది. తెలియక చెప్పిందనుకునేరు. తెలిసే చెప్పింది. ఆమెకు బతికున్న మేనమామ ఒకడున్నాడు. వాడు దారి తప్పాలి, తప్పి వీధి వీధీ తిరగాలి, ఏ గుమ్మం ముందు నిలబడినా ఛీ కొట్టించుకోవాలి. ఆమె కోరిక అదే.

దేవకమ్మ నలభై దాటిన మనిషి. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, నోరు మాత్రం ఉంది. కొట్టంలో ఆడవాళ్ళంతా రాళ్ళు ముందేసుకుని వరసగా కూర్చుని, పెంకు ఒలిచిన చింతపండును రాతి మీద పెట్టి, చిన్న కొయ్య సుత్తితో కొట్టి గింజ తీసేవాళ్ళు. పొద్దున పూట చేతులు బాగానే ఆడేవి. సంగటి ముద్ద తిని కూర్చున్నాక కళ్ళు మూతలు పడేవి, సుత్తి గింజ మీద పడబోయి వేలి మీద పడేది. ఆ మత్తు వదిలించడానికే ఒకనాడు దేవకమ్మ కథ ఎత్తుకుంది. నలిగే వేళ్ళు తగ్గాయి, కొట్టిన పండు పెరిగింది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న శెట్టి ఈ పద్ధతేదో బాగుందనుకుని ఊరుకున్నాడు. లాభం వచ్చేచోట ఆయనకు చాదస్తాలు ఉండవు.

కథలో ఒక పాప, ఒక మామ. పాప ఊళ్ళు తిరుగుతుంది, కూలి చేస్తుంది, అడవిలో పడుతుంది, రాజుగారింట పాచిపని చేస్తుంది. మామ ఎక్కడికక్కడ ఏదో ఒక తిప్పలు పడుతుంటాడు. సరిగ్గా ఊపిరి బిగబట్టి వినే చోట దేవకమ్మ సుత్తి పక్కన పెట్టి, "ఆ పైన రేపు" అనేది. ఎవరి కథయినా ఎప్పుడో ఒకప్పుడు కంచికి పోవాల్సిందే కదా. చిత్తూరు నుంచి కంచి ఏమంత దూరమని? పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి దిగొచ్చు. అయినా దేవకమ్మ కథ మాత్రం కంచి ముఖం చూడలేదు. యుద్ధం వచ్చింది, బియ్యానికీ గుడ్డకూ కంట్రోలు వచ్చింది, యుద్ధం పోయింది, కంట్రోలూ పోలేదు, దేవకమ్మ కథా పోలేదు.

మొదట్లో ఆడవాళ్ళు బెదిరిపోయారు. ఒక్కొక్కరికీ ఇద్దరేసి ముగ్గురేసి మేనమామలాయె. కథ మానలేరు, మామల్ని వదులుకోలేరు. దేవకమ్మ పక్క రాతి దగ్గర కూర్చునే అలివేలమ్మ దానికో విరుగుడు కనిపెట్టింది. "కథ ఎత్తుకునే ముందర ఒక చింతగింజ కొంగున ముడేసుకోండమ్మే. మన మామ మన ముడిలో ఉంటాడు, యాడికీ పోడు," అంది. అప్పటి నుంచి అదే ఆచారమైపోయింది. కథ వేళకు అందరూ గింజ ముడి వేసుకునేవాళ్ళు, ఇంటికి పోయేటప్పుడు విప్పి పారేసేవాళ్ళు. దేవకమ్మ ఒక్కతే ఏనాడూ ముడి వేయలేదు. కొత్తగా పనిలో చేరిన పిల్ల ఒకతె, "నీకు మామల్లేరా అక్కా?" అని అడిగింది.

"ఉండాడు. అందుకే ఎయ్యను," అంది దేవకమ్మ.

ఆ మామ బెల్లం మండీ మునిరామయ్య. ఈ సంగతి పాతవాళ్ళకు తెలుసు, తెలిసినా నోరెత్తరు.

దేవకమ్మ పసిపిల్లగా ఉన్నప్పుడు చంద్రగిరి పక్క పల్లెల్లో వాంతిభేది పడింది. నాయన పోయాడు. తల్లి కూడా అప్పటికే జబ్బున పడి, పిల్లను వెంటబెట్టుకుని బండెక్కి చిత్తూరులో తమ్ముడింటికి వచ్చింది. బండివాడు ఇద్దరినీ వీధి తిన్నె మీద దించి, వెనక్కి తిరిగి చూడకుండా తోలుకుపోయాడు. అప్పుడు మిట్టమధ్యాహ్నం. తల్లి తలుపు తట్టింది. లోపల గడియ వేసిన చప్పుడు పాప చెవులారా విన్నది. "మునిరామా, నాకొద్దురా, పాపకు గుక్కెడు నీళ్ళియ్యి," అని తల్లి ఎంతసేపు మొత్తుకుందో ఆ తలుపుకే తెలియాలి. అది తెరుచుకోలేదు. పొద్దు వాలేటప్పటికి తల్లి ఆ తిన్నె మీదే పోయింది. ఎదురింటి గంగులమ్మ అనే ముసలామె వచ్చి పాపను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, నీళ్ళు తాగించి, తర్వాత తనే అన్నం పెట్టి పెంచింది. మేనమామ ఆ పిల్ల ఉందో పోయిందో అని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు.

ఆ మునిరామయ్యే మండీ పెట్టి పెద్దమనిషి అయ్యాడు. ప్రతి ఎండాకాలం పలమనేరు రోడ్డులో చలిపందిరి వేయించి, దారిన పోయేవాళ్ళందరికీ మజ్జిగ పోయించేవాడు. ధర్మాత్ముడని జనం చేతులెత్తి మొక్కేవాళ్ళు. తోడబుట్టినదానికి గుక్కెడు నీళ్ళు పోయనివాడు ఊరందరికీ మజ్జిగ పోస్తుంటే దేవకమ్మ కడుపు మండిపోయేది. నాలుక పిడచకట్టినా సరే, ఆ పందిరి ముందు ఆమె ఆగేది కాదు.

కొట్టడానికి బలం లేదు. కోర్టుకెక్కుదామంటే, తలుపు తీయకపోవడం ఏ చట్టంలోనూ నేరం కాదు. చేతిలో ఉన్నది కథ ఒక్కటే. కాబట్టి ఆ కథలోని మామను ఆమె పెట్టని అగచాట్లు లేవు. ఒక ఎండాకాలమంతా వాడికి దాహం వేయించింది, ఏ బావిలో చేద వేసినా ఇసుకే పైకొచ్చింది. ఇంకో ఏడు వాడి పళ్ళు ఒక్కొక్కటిగా రాలగొట్టింది. వాడు ఏ ఇంటి ముందు నిలబడితే ఆ ఇంటి తలుపు మూసుకునేది. వినీ వినీ అలివేలమ్మే ఒకసారి జాలిపడి, "ఇంక సంపెయ్యి అక్కా వాన్ని," అంది.

"సంపితే ఏముంది మే? ఒక్క దెబ్బకు సుకపడిపోతాడు. నేను అంత మంచిదాన్ని కాదు," అంది దేవకమ్మ.

ఇలా ఉండగా, యుద్ధం ముగిశాక వచ్చిన ఎండాకాలంలో, మునిరామయ్య నిజంగానే దారి తప్పాడు. మండీకని బయల్దేరినవాడు కట్టమంచిలో ఎవరిదో ఇంటి ముందు నిలబడి, "తలుపు తీయండమ్మా," అని తడుతూ కనిపించాడు. ఆ ఇంటావిడ బిచ్చగాడనుకుని పై ఇంటికి పొమ్మంది. కొన్నాళ్ళకు మళ్ళీ తప్పాడు, పలమనేరు రోడ్డులో తను వేయించిన చలిపందిరి కిందే కూర్చుని ఇదెవరి ధర్మమని అడిగాడట. వయసు మీరి మతి జారిపోతున్న మనిషి, అంతకు మించి ఏమీ లేదు. కానీ ఆ మాట ఆ ఊళ్ళో ఎవరికి చెబుతాం?

కబురు కొట్టానికి చేరిన రోజు సుత్తులన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆడవాళ్ళు ముందు తమ కొంగుముళ్ళు తడిమి చూసుకున్నారు, తర్వాత దేవకమ్మ కొంగు వైపు చూశారు. దేవకమ్మ లేచి, కొట్టం వెనక్కి పోయి, కడుపుబ్బ నవ్వి, మొహం కడుక్కుని వచ్చింది. ఆ పూట కథ మరింత రుచిగా చెప్పింది.

మునిరామయ్య కొడుకు సుందరరాజు మెత్తని మనిషి. తండ్రిని వెతకలేక కాళ్ళు అరిగిపోయి, చివరికి ఒక ఎరుకలసాని ముందు కూర్చున్నాడు. ఆమె అతని చెయ్యి చూసి, "మీ నాయన దారిని పగటి మాట ఒకటి చెరిపేస్తా ఉండాది సామీ. పులుపు వాసనలో ఉండాది ఆ మాట," అంది. ఎరుకలసానికి ఆ సంగతి ఏ చింతపండు కూలిమనిషి మోసిందో మనం అడగకూడదు. సుందరరాజు నేరుగా శెట్టి దగ్గరకు వచ్చాడు.

"శెట్టీ, మీ కొట్టంలో పగలు కథ చెప్తా ఉండారంట. అది నిలపాలప్పా. మా నాయనకు ఇంటికి దారి తెలవకుండా పోతా ఉండాది."

మండీవాళ్ళతో శెట్టికి ఎప్పుడూ పని ఉంటుంది. ఆయన గొంతు సవరించుకుని వచ్చి, "రేపటి నుంచి కొట్టంలో కథ లేదు. నోరు మూసుకోని పని చేయండి," అన్నాడు.

మర్నాడు ఆడవాళ్ళు నోరు మూసుకునే పని చేశారు. చేతులు కూడా సగం మూసుకున్నారు. సంగటి తిన్నాక ఒకరి మీద ఒకరు వాలి తూగారు. కొట్టిన పండు తట్ట నిండలేదు. సాయంత్రం అలివేలమ్మ కొంగు దులుపుకుని, "కథ లేకుండా ఈ పులుపు మద్దిన ఎవురు కూసుంటారయ్యా? వేరే కొట్టంలో పిలస్తా ఉండారు, ఆడికే పోతాం," అంది. శెట్టి పరిస్థితి ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది. దేవకమ్మను పక్కకు పిలిచాడు.

"దేవకమ్మా, ఒక పూట ఇస్తా. ఆ మామను ఎట్లో ఒకట్ల సంపేసి, కథను కంచికి పంపించెయ్. నీకూ నాకూ మర్యాద."

"నేను ముగించను. నా కథ నిలపాలంటే ఆ ముసిలోడే రావాల. మద్యాన్నం పూట వచ్చి, ఈ గడప బయట నిలబడుకోని, తన నోటితో నన్ను అడగాల. ఆ పైన సూద్దాం," అంది దేవకమ్మ.

శెట్టికి అందులో తప్పేమీ కనబడలేదు. కానీ దేవకమ్మ మనసులో ఉన్నది వేరు. ముసలాయన ఎండలో గడప ముందుకు వస్తాడు. అడుగుతాడు. అప్పుడు ఆమె అతని మొహం మీదే తలుపు వేసి, గడియ పెడుతుంది. ఆ గడియ చప్పుడు వాడు వినాలి. దానికోసమే ఆమె ఇన్నేళ్ళు బతికింది. ముందురోజు గడియకు ఆముదం కూడా రాసింది, తీరా సమయానికి బిగుసుకుపోకూడదని.

సుందరరాజు తండ్రికి గొడుగు పట్టుకుని తీసుకొచ్చాడు. దేవకమ్మ తలుపు రెక్క మీద చెయ్యి వేసి నిలబడింది. మునిరామయ్య ఎండిన చింతకాయలా అయిపోయాడు. గడప ముందు ఆగి, ఆమె మొహంలోకి చూసి, "పాపా, గుక్కెడు నీళ్ళుంటే ఇస్తావా?" అన్నాడు.

అంతకంటే మంచి మాట ఏ దేవుడూ అతని నోట పలికించలేడు. దేవకమ్మ తలుపు లాగింది. లాగబోయేంతలో ముసలాయన ఆమె చెయ్యి కిందుగా తల వంచి లోపలికి దూరి, ఆడవాళ్ళ మధ్య చింతతట్ట పక్కన చతికిలబడ్డాడు. అలివేలమ్మ ముందూ వెనకా చూడకుండా కడవలోంచి చెంబు ముంచి చేతికిచ్చింది. ఆయన గటగటా తాగేశాడు. దేవకమ్మ అలివేలమ్మను చూసిన చూపుకు పచ్చిచింతకాయలు కూడా రాలేవి.

"నాయనా, వచ్చిన పని అడుగు," అన్నాడు సుందరరాజు గడప బయట నుంచి.

"ఏం అడగాల?" అని ముసలాయన చుట్టూ చూశాడు. "ఈడ కథ చెప్తారంట గదా? కానీండి. నేను ఊ కొడతా."

సరే, వినరా అనుకుంది దేవకమ్మ. తలుపు వేయలేకపోయినా తలుపు కథ చెప్పొచ్చు. రాతి ముందు కూర్చుని, కథను మొదటికి తిప్పి, బండి వచ్చిన దగ్గర నుంచీ ఎత్తుకుంది. ముసలాయన ఎక్కడా తప్పకుండా ఊ కొట్టాడు. గడియ పడే చోటికి వచ్చేసరికి ముందుకు వంగాడు. "ఆ పైన? తీసినాడా పాపా?"

"తీయలేదు."

"తల్లి సచ్చిపాయనా?"

"సచ్చిపోయింది."

మునిరామయ్య భోరున ఏడ్చాడు. "ఎంత పాపిష్టోడమ్మా! వాని చేతులు పడిపోను! వానికి గుక్కెడు నీళ్ళు పుట్టకుండా పోను!" అని కొట్టం అదిరేటట్టు శాపనార్థాలు పెట్టాడు. దేవకమ్మ ఇన్నేళ్ళలో కూర్చిన తిట్లన్నీ ఆయనే తిట్టాడు. ఆ కన్నీళ్ళు చూడాలనే ఆమె ఎదురుచూసింది. తీరా చూస్తే, ఏడుస్తున్నది ఎవరి పాపానికో ఏడ్చేవాడికే తెలియదు.

మర్నాడు ముసలాయన ఒక్కడే, గొడుగు కూడా లేకుండా, నేరుగా కొట్టానికి వచ్చి కూర్చున్నాడు. ఆ మర్నాడూ అంతే. ఇంటికి దారి తెలియదు, మండీకి తెలియదు, కథకు మాత్రం తెలుసు. సుందరరాజు మళ్ళీ శెట్టి దగ్గరకు పరిగెత్తుకొచ్చి, ఈసారి దండం పెట్టాడు. "కథ నిలపొద్దప్పా. మద్యాన్నమైతే మా నాయన యాడుండాడో తెలస్తా ఉండాది. అది సాలు." శెట్టి కథ రద్దయిన మాటను రద్దు చేశాడు.

దేవకమ్మకు పండగే అయింది. నిన్న విన్నది ముసలాయనకు ఇవాళ గుర్తుండదు. కాబట్టి రోజూ బండి దగ్గరే మొదలు, రోజూ తలుపు దగ్గరే ఆపడం, రోజూ కొత్త ఏడుపు. ఒకనాడు ఉండబట్టలేక, "ఆ మామ పేరు మునిరామయ్య," అని కూడా చెప్పేసింది.

"ఊ," అన్నాడు ముసలాయన. గొంతు తగ్గించి, "ఆ పేరుగలోడు ఒకడు బెల్లం మండీలో ఉండాడు. వానితో జాగర్త పాపా," అన్నాడు.

ఆ మాటకు ఆమె చేతిలో సుత్తి జారి వేలి మీద పడింది.

ఆడవాళ్ళకు విసుగొచ్చింది. కథలో పాపను రాజుగారింట్లో పాచి చీపురు చేతిలో పెట్టి వదిలేసిన దేవకమ్మ మళ్ళీ ఆ పక్కకే పోలేదు. "తలుపు కాడే ఎన్నాళ్ళుంటామక్కా? ముసిలాయన్ను రోజూ ఏడిపిస్తే నీకేం వస్తాది?" అంది అలివేలమ్మ.

"నిద్ర వస్తాది," అంది దేవకమ్మ.

నిజానికి రావడం లేదు. చింత చచ్చినా పులుపు చావదంటారు. మునిరామయ్యలో పాత మునిరామయ్య ఎప్పుడో చచ్చాడు, దేవకమ్మలో పులుపు అలాగే ఉంది, దాన్ని పోయడానికి ఎదురుగా మనిషి లేడు. అందుకే ఒక పూట ఇంకాస్త లోతుగా పొడవాలనిపించింది. ముసలాయన ఏడ్చి ముక్కు తుడుచుకుంటుండగా అడిగింది.

"ఏం పెద్దాయనా, ఆ మామ తలుపు ఎందుకు తీయలేదంటావు?"

ఆయన తట్టలోంచి ఒక గింజ తీసుకుని వేళ్ళ మధ్య తిప్పుతూ ఆలోచించాడు. "తలుపుకు వీపు ఆనించుకోని కూసోనుంటాడు పాపా. గడియ మింద చెయ్యి పెడతాడు. ఉయ్యాల్లో బిడ్డ కేరుమంటాడు. పొత్తిళ్ళ బిడ్డ గదా, ఆ జబ్బు తగిలితే నిలస్తాడా? చెయ్యి తీసేస్తాడు. బయట అక్క పిలస్తాది. మళ్ళా పెడతాడు. మళ్ళా బిడ్డ ఏడస్తాడు. పొద్దుగూకేదాకా అంతే. ఆ పైన బయట పిలిచేది నిలిచిపాయ."

ఇన్నేళ్ళ కథలో ఉయ్యాల అన్నది ఎక్కడా లేదు. దేవకమ్మ లెక్క చూసుకుంది. సుందరరాజు పుట్టింది ఆ ఏడే.

"ఉయ్యాల సంగతి నీకెవురు చెప్పినారు?" అంది.

"నువ్వే గదా? కథలో ఉండ్లా?"

"లేదు."

"అట్లయితే మరిసిపోయినట్టుండావు. రేపు చెప్పు," అన్నాడు మునిరామయ్య.

మర్నాడు శెట్టి కూడా గల్లాపెట్టె వదిలి వచ్చి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. ఉయ్యాల కథలోకి వస్తుందా రాదా అని అందరికీ అదే ఆత్రం. దేవకమ్మ మొహం వాచి ఉంది. బండి వచ్చింది, తిన్నె వచ్చింది, తల్లి తలుపు తట్టింది, గడియ పడింది. అక్కడ ఆమె ఆగింది. తర్వాత పళ్ళు బిగబట్టి అంది.

"తలుపు ఎనక ఎవురూ లేరు. ఎవురూ కూసోలేదు. ఉయ్యాలా లేదు, బిడ్డా లేదు."

ఎవరూ ఊ కొట్టలేదు. అలివేలమ్మ తల దించుకుంది. మిగిలినవాళ్ళు చింతపండు వైపు చూస్తూ కూర్చున్నారు. కథ పుట్టిన నాటి నుంచీ దేవకమ్మకు ఆ ఊ లేకుండా మాట ముందుకు నడవడం తెలియదు. ఎవరో ఒకరు అంటారని చూసింది. అనలేదు.

"ఊ," అన్నాడు మునిరామయ్య ఒక్కడే. "ఆ పైన?"

ఆ పైన ఏముందో ఆమెకు తోచలేదు. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. ముసలాయన ఆశగా చూస్తూనే ఉన్నాడు. కళ్ళు అచ్చం తల్లి కళ్ళు, ఆ సంగతి ఆమె ఇన్నాళ్ళూ కావాలనే గమనించలేదు.

"రేపు చెప్తాలే, మామా," అంది.

ఆ మాట అన్నాక దేవకమ్మ రాతి పక్కన పడి ఉన్న చింతగింజ ఒకటి ఏరి, కొంగు చివర పెట్టి, పంటితో లాగి గట్టిగా ముడి వేసింది. అలివేలమ్మ చూసింది. చూసి కళ్ళు తుడుచుకోబోయింది.

దేవకమ్మ సుత్తి ఎత్తి చూపించింది. "ఏం మే, అట్ల సూస్తా ఉండావు? జాలనుకుంటివా? ఈ ముసిలోడు దారి తప్పి ఇంకో యాడికో పోతే, నా కథ ఎవురు ఇంటారు?"